గోడ మీద సర్టిఫికెట్టు, గుమ్మం దగ్గర తాళంచెవి

ఫలానా కంపెనీ క్లౌడులోంచి కోట్లమంది వివరాలు పోయాయని వార్త రాగానే మన పేపర్లూ టీవీలూ ఒకటే బొమ్మ వేస్తాయి. నల్ల టోపీ, చీకటి గది, తెర మీద పరుగెత్తే పచ్చటి అక్షరాలు. వాడెవడో మహా మేధావి, వాడి ముందు మనమెంత అన్నట్టు ఉంటుంది వ్యవహారం. డేటా పోగొట్టుకున్న కంపెనీకి కూడా ఆ బొమ్మే కావాలి. మేధావి చేతిలో ఓడిపోతే పరువు పోదు కదా! గుమ్మం దగ్గర తాళంచెవి వదిలేసామని ఒప్పుకుంటేనే పోయేది.

నేను ఈ క్లౌడు పని మీదే బతుకుతున్నాను. ఇన్నాళ్ళూ చదివినదాన్ని, చూసినదాన్ని బట్టి నాకు ఏర్పడిన అభిప్రాయం కాస్త ఘాటుగానే చెప్తాను. క్లౌడులో డేటా పోయిన పెద్ద పెద్ద కేసులు తిరగేస్తే మాటిమాటికీ కనపడేది ఒకటే: ఎప్పుడో ఎవరికో ఇచ్చి, మళ్ళీ వెనక్కి తీసుకోని పర్మిషన్. మనం కంప్లయన్స్ పేరుతో ఏడాది పొడుగునా చేసే తతంగంలో ఆ పర్మిషన్లని కత్తిరించే పని తప్ప మిగతావన్నీ ఉంటాయి.

క్లౌడు సంగతి తెలిసినవాళ్ళు ఈ ఒక్క పేరా దాటెయ్యండి. సొంత సర్వర్లున్న రోజుల్లో కాపలా అంటే ముందు భవనానికి. గేటు, వాచ్‌మన్, ఐడీ కార్డు, లోపల సర్వర్ గదికి ఇంకో తాళం. క్లౌడులో భవనం మనది కాదు, అమెజాన్‌దో మైక్రోసాఫ్టుదో గూగుల్‌దో. మన చేతిలో మిగిలేది ముఖ్యంగా ఒక పట్టిక. ఎవరు, దేని మీద, ఏం చెయ్యొచ్చు అని. ఈ "ఎవరు"లో మనుషులే కాదు, ప్రోగ్రాములు కూడా వస్తాయి. ప్రోగ్రాముకి ఒక "రోల్" ఇస్తారు, ఆ రోల్‌కి కొన్ని పర్మిషన్లు ఉంటాయి. పట్టిక సరిగ్గా ఉంటే క్లౌడు మన పాత సర్వర్ గది కన్నా భద్రం. కానీ సరిగ్గా రాయాలంటే ఓపిక కావాలి, సాయంత్రానికల్లా పని అయిపోవాలని పైనుంచి ఒత్తిడి. అందుకని పర్మిషన్ రాయాల్సిన చోట ఒక చుక్క గుర్తు (*) పడుతుంది. దానర్థం "అన్నీ చెయ్యొచ్చు, అన్నిటి మీదా" అని. పెళ్ళింట్లో లడ్డూల బుట్ట కోసం మాటిమాటికీ అడుగుతున్నారని సామాన్ల గది తలుపు తీసేసి వదిలేసినట్టన్నమాట. ఆ పూటకి హాయిగానే ఉంటుంది.

ఇక అసలు కథకి వస్తాను.

2019 జులై 29న అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు ఒక ప్రకటన చేసింది. అమెరికాలో సుమారు 10 కోట్లమంది, కెనడాలో సుమారు 60 లక్షలమంది వివరాలు బయటికి పోయాయని. ఎక్కువ భాగం 2005 నుంచి 2019 మొదటిదాకా క్రెడిట్ కార్డుకి దరఖాస్తు పెట్టుకున్నవాళ్ళవి. వాటితో పాటు సుమారు 1,40,000 సోషల్ సెక్యూరిటీ నంబర్లు, 80,000 బ్యాంకు ఖాతా నంబర్లు. అమెరికాలో ఉన్న మనవాళ్ళకి ఆ నంబరు పోవడమంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. క్రెడిట్ కార్డు నంబరు పోతే కొత్త కార్డు ఇస్తారు, అది పోతే జన్మంతా భయమే.

ఎలా పోయాయి? బ్యాంకు తన వెబ్ అప్లికేషన్ ముందు ఒక ఫైర్‌వాల్ పెట్టుకుంది. దాన్ని సరిగ్గా అమర్చలేదు. బయటి మనిషి అడిగిన చోటికి ఆ సర్వరే వెళ్ళి సమాచారం తెచ్చి ఇచ్చేలా మోసం చెయ్యడానికి వీలు చిక్కింది. అమెజాన్ సర్వర్లలో 169.254.169.254 అనే చిరునామా ఒకటి ఉంటుంది. సర్వరు లోపల్నుంచి అడిగితే "నీ రోల్ ఇదీ, నీ తాత్కాలిక తాళాలు ఇవీ" అని చెప్తుంది. ఆ తాళాలతో ఎస్3లో ఉన్న 700కి పైగా ఫోల్డర్ల జాబితా కనపడింది. కావలసినవి కాపీ చేసుకోవడం కూడా కుదిరింది.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించండి. ఫైర్‌వాల్ అంటే గేటు దగ్గర కూర్చునే వాచ్‌మన్. వాచ్‌మన్ చేతికి ఇంట్లో బీరువా తాళాలు ఎందుకిచ్చారు? ఫైర్‌వాల్‌కి క్రెడిట్ కార్డు దరఖాస్తులు చదివే పనేముంది? ఫైర్‌వాల్ అమర్చడంలో పొరపాటు ఎవరైనా చేస్తారు, రేపు ఇంకెవరో చేస్తారు. కానీ ఆ రోల్‌కి దరఖాస్తులు చదివే పర్మిషనే లేకపోతే ఆ పొరపాటు ఒక చిన్న టికెట్‌తో ముగిసిపోయేది.

"డేటా ఎన్‌క్రిప్ట్ చేసి లేదా?" అంటారేమో. చేసే ఉంది! బ్యాంకే చెప్పింది. అయితే దొంగతనం జరిగిన తీరు వల్ల ఎన్‌క్రిప్షన్ కూడా విడిపోయిందట. పర్మిషన్ ఉన్న రోల్ అడిగితే విప్పి ఇవ్వడమే కదా దాని పని. కాబట్టి ఎవరైనా "మా డేటా అంతా ఎన్‌క్రిప్టెడ్ అండీ" అని గొప్పగా చెప్తే, విప్పే హక్కు ఎంతమందికి ఉందో అడగండి. గొప్ప కాస్త తగ్గుతుంది :)

ఇంకో ముక్క. ఈ దొంగతనం జరిగింది 2019 మార్చి 22, 23 తేదీల్లో. బ్యాంకుకి తెలిసింది జులై 17న, అదీ బయటి వ్యక్తి ఎవరో ఈమెయిల్ పెడితే. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగాయని సామెత. ఇక్కడ మన కుక్క మొరగనే లేదు, పక్కింటాయన వచ్చి తలుపు కొట్టి చెప్పాడు. చేసిన మనిషి గతంలో అమెజాన్ క్లౌడులోనే పనిచేసిన ఇంజనీరు. 2022 జూన్‌లో సియాటిల్ కోర్టులో జ్యూరీ దోషి అని తేల్చింది.

ఇదేదో బద్ధకస్తుల కంపెనీ అయితే నేను ఇంత రాసేవాణ్ణి కాదు. క్లౌడులో నియమాలు తప్పితే పట్టుకోవడానికి "క్లౌడ్ కస్టోడియన్" అని ఒక పరికరం ఉంది, దాన్ని తయారుచేసి 2016లో ప్రపంచానికి ఉచితంగా ఇచ్చింది ఈ క్యాపిటల్ వన్ వాళ్ళే! డబ్బుకి లోటు లేదు, తెలివైన మనుషులకి లోటు లేదు, బ్యాంకు కాబట్టి ఆడిట్లకి అసలే లోటు లేదు. అయినా పోయింది. 2020 ఆగస్టులో అమెరికా బ్యాంకుల నియంత్రణ సంస్థ ఓసీసీ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. క్లౌడుకి మారేముందు ప్రమాదాల్ని సరిగ్గా అంచనా వెయ్యలేదంది. దాంతో ఊరుకోలేదు, బ్యాంకు అంతర్గత ఆడిట్ క్లౌడులోని ఎన్నో లోపాల్ని కనిపెట్టలేకపోయిందని కూడా ఉత్తర్వులో రాసింది. ఆ తర్వాత ఖాతాదారులు వేసిన దావాలో 19 కోట్ల డాలర్లకి రాజీ పడ్డారు. ఆడిట్ లేక కాదు, ఉండి కూడా కనిపెట్టలేదు. నా గొడవంతా దాని గురించే.

ఒక్క బ్యాంకు మీద పడ్డానని అనుకోవద్దు. క్లౌడు అమ్మేవాళ్ళ సంగతి ఇంకా బావుంది. 2023లో మైక్రోసాఫ్టు క్లౌడులో ఉన్న అమెరికా ప్రభుత్వ అధికారుల ఈమెయిళ్ళు చైనాకి చెందిన ఒక ముఠా చదివేసింది. దేనితో? 2016లో తయారైన ఒక సంతకం కీతో. ఆ కీని 2021లో తీసెయ్యాల్సింది. కీలు మార్చే పని చేత్తో చేస్తుండగా 2021లో ఒకసారి సర్వీసు పెద్ద ఎత్తున ఆగిపోయిందని, ఆ మార్చడమే ఆపేసారు. పాత కీ అలాగే ఉండిపోయింది. ఈ సంగతులన్నీ అమెరికా సైబర్ సేఫ్టీ రివ్యూ బోర్డు 2024 ఏప్రిల్‌లో ఇచ్చిన నివేదికలో ఉన్నాయి. దీన్ని మొదట కనిపెట్టింది అమెరికా విదేశాంగ శాఖ. ఎందుకు కనిపెట్టగలిగిందంటే, వాళ్ళు అదనపు డబ్బు కట్టి ఎక్కువ లాగులు వచ్చే లైసెన్సు కొనుక్కున్నారు కాబట్టి. అంటే ఇంట్లో దొంగ పడ్డాడని తెలియాలంటే ఇంటి ఓనరుకి విడిగా డబ్బు కట్టాలన్నమాట. ఆ గొడవయ్యాకే మైక్రోసాఫ్టు ఆ లాగుల్ని మామూలు లైసెన్సువాళ్ళకీ ఇవ్వడం మొదలెట్టింది.

టొయోటా 2023 మేలో చెప్పిన సంగతి విన్నారా? జపాన్‌లో 21.5 లక్షలమంది కస్టమర్ల డేటా, కార్లు ఎప్పుడు ఎక్కడున్నాయన్న వివరాలతో సహా, క్లౌడులో ఎవరైనా చూడగలిగేలా పడుంది. 2013 నవంబరు నుంచి 2023 ఏప్రిల్ దాకా. దాదాపు పదేళ్ళు! ఆ పదేళ్ళలో ఎన్ని ఆడిట్లు జరిగుంటాయో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు మన ఆడిట్ల దగ్గరకొద్దాం. గచ్చిబౌలిలో అయినా వైట్‌ఫీల్డులో అయినా నేను చూసినంతలో, మిత్రులు చెప్పినంతలో ఒకటే తంతు. ఆడిటర్ గారు వస్తున్నారంటే రెండు వారాల ముందు నుంచి స్క్రీన్‌షాట్ల పండగ. పాస్‌వర్డ్ పాలసీ పేజీ ఒకటి, ఎన్‌క్రిప్షన్ ఆన్ అని ఉన్న పేజీ ఒకటి, కింద మూల గడియారం కూడా కనపడాలి. కనపడకపోతే మళ్ళీ తియ్యాలి. అన్నీ కలిపి ఒక ఫోల్డరులో పెట్టి ఇస్తే "ఎవిడెన్సు" అయిపోతుంది.

అందులో రాణీ లాంటిది యాక్సెస్ రివ్యూ. మూడు నెలలకోసారి మేనేజరుకి ఒక 400 వరసల ఎక్సెల్ షీటు వస్తుంది. ఒక్కో వరసలో ఒక పేరు, ఎదురుగా ఎవరికీ అర్థం కాని ఒక గ్రూపు పేరు. "ఇతనికి ఇది ఇంకా అవసరమా?" అవునో కాదో శుక్రవారం సాయంత్రంలోగా రాయాలి. కాదు అని రాసి, సోమవారం అతని పని ఆగిపోతే తిట్లు తినేది మేనేజరే. అవును అని రాస్తే ఎవరూ ఏమీ అనరు. ఇక ఏం రాస్తాడు చెప్పండి? మొదటి వరసలో అవును అని కొట్టి, మౌసుతో కిందదాకా లాగుతాడు. ఆడిటర్ గారు చూసేది ఏమిటంటే రివ్యూ జరిగిందా, తేదీ ఉందా, పేరు ఉందా. 400కి 400 అవును అని ఎలా వచ్చాయండీ అని అడిగిన ఆడిటర్‌ని నేను ఇంతవరకూ చూళ్ళేదు.

ఇంకో పక్క చూడండి. కొత్తగా చేరిన అమ్మాయికి లాగులు చదివే పర్మిషన్ కావాలంటే మూడు అప్రూవల్సు, నాలుగు రోజులు. ఈలోగా ఆమె పని ఆగకూడదు కదా, పక్క సీటువాడి లాగిన్‌తో కానిచ్చేస్తారు. అంత కష్టపడి దొరికిన పర్మిషన్‌ని ఎవరైనా వదులుకుంటారా? ప్రాజెక్టు మారినా పాతది దాచుకుంటారు, మళ్ళీ కావాల్సొస్తే నాలుగు రోజులు ఎవరు ఆగుతారని. అలా ఆరేళ్ళ సీనియరంటే ఆరేళ్ళ పర్మిషన్ల మూట. మనిషి ఉద్యోగం మానేస్తే కనీసం హెచ్ఆర్ వాళ్ళ జాబితాలోకి వస్తాడు. ప్రోగ్రాములు రాజీనామా చెయ్యవు కదా! ఎవరో ఎప్పుడో ఒక టెస్టు కోసం చేసిన రోల్, చేసినవాడు కంపెనీ మారి, ఊరు మారి, దేశం మారినా అక్కడే కూర్చునుంటుంది.

అంటే మనం సరిగ్గా తలకిందులుగా కట్టుకున్నాం. పర్మిషన్ దొరకడం కష్టం, పోవడం అసాధ్యం. ఉండాల్సింది దొరకడం తేలిక, పోవడం దానంతటదే.

దీనికి వచ్చే జవాబులు నాకు తెలుసు.

"అయితే కంప్లయన్స్ వద్దంటావా?" అననండీ. కార్డుల కంపెనీలు పెట్టిన పీసీఐ ప్రమాణంలో 7వ నియమం మొత్తం దీని గురించే, పనికి ఎంత అవసరమో అంతే ఇవ్వమని. ఐఎస్ఓ 27001లోనూ ఉంది. పుస్తకాల్లో శుభ్రంగా రాసే ఉంది. మనం మాత్రం ఆ పని చెయ్యడం మానేసి, చేసామనడానికి సాక్ష్యం తయారుచెయ్యడం నేర్చుకున్నాం. వంట మానేసి విస్తళ్ళు కుట్టుకుంటూ కూర్చున్నట్టు.

"పర్మిషన్లు తీసేస్తే రాత్రి రెండింటికి ప్రొడక్షన్ పడిపోతే ఎవరు లేపుతారు?" ఇది న్యాయమైన భయం. ఆన్‌కాల్ చేసినవాళ్ళెవరైనా ఒప్పుకుంటారు. కానీ పైన మైక్రోసాఫ్టు కథలో కీలు మార్చడం ఆపేసింది ఈ భయంతోనే అని మర్చిపోకండి. రాత్రి రెండింటికి కావలసిన అధికారం రాత్రి రెండింటికే తీసుకోవచ్చు. బటన్ నొక్కు, కారణం రాయి, రెండు గంటలకి అధికారం వస్తుంది, పదిమందికి మెసేజ్ వెళ్తుంది, తర్వాత అదే పోతుంది. ఈ సౌకర్యం క్లౌడుల్లో ఉంది. పెట్టుకోవడానికి మాత్రం మనకి స్ప్రింటులో చోటు దొరకదు.

"క్లౌడు వాడు చూసుకుంటాడుగా?" చూసుకోడు. "షేర్డ్ రెస్పాన్సిబిలిటీ" అని కాంట్రాక్టులోనే ఉంటుంది, భవనం వాడిది, పట్టిక మనది. 2024లో స్నోఫ్లేక్ కస్టమర్ల డేటా పోయినప్పుడు సుమారు 165 సంస్థలకి హెచ్చరికలు వెళ్ళాయి. ఏటీ అండ్ టీ నుంచి 2022లో కొన్ని నెలల కాల్ రికార్డులు, దాదాపు మొబైల్ కస్టమర్లందరివీ, పోయింది ఆ గొడవలోనే. దొంగిలించిన పాస్‌వర్డ్‌లతో నేరుగా లాగినయ్యారు. కొన్ని పాస్‌వర్డ్‌లు 2020 నాటి నుంచీ దొంగల చేతుల్లో ఉన్నవే, ఎవరూ మార్చలేదు. ఓటీపీ లాంటి రెండో తనిఖీ లేదు. తప్పు కస్టమర్లదే అన్నారు, నిజమే. మరి అదే కంపెనీ 2024 అక్టోబరు నుంచి కొత్త ఖాతాల్లో ఆ తనిఖీని తప్పనిసరి చేసింది కదా, ముందే ఎందుకు చెయ్యలేదు? అమెజాన్ కూడా అంతే. 169.254 చిరునామాకి గట్టి తలుపు పెట్టింది క్యాపిటల్ వన్ గొడవ తర్వాత, 2019 నవంబరులో. గూగుల్, మైక్రోసాఫ్టు క్లౌడుల్లో అలాంటి అడ్డు ఒకటి అప్పటికే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం వీళ్ళకీ అలవాటే. కాబట్టి బాధ్యత పంచుకోవడం అంటే నింద పంచుకోవడం అని అర్థం మారిపోయింది.

"మేం చిన్నవాళ్ళం, మమ్మల్నెవడు పట్టించుకుంటాడు?" కోడ్ స్పేసెస్ అని ఒక చిన్న కంపెనీ ఉండేది. 2014 జూన్‌లో ఒకడు వాళ్ళ అమెజాన్ కంట్రోల్ ప్యానెల్‌లోకి దూరి డబ్బు అడిగాడు. వాళ్ళు పాస్‌వర్డ్‌లు మార్చేలోపు డేటా, దాంతో పాటు బ్యాకప్పులు కూడా చాలావరకు చెరిపేసాడు. బ్యాకప్పులకి కూడా అవే తాళాలు మరి. కంపెనీ మూతపడింది. "ఉండేది" అని అందుకే అన్నాను.

మన దేశంలో కూడా చట్టాలొచ్చాయి. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం దాడి జరిగిందని తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగులు 180 రోజులు ఉంచాలి. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం సరైన జాగ్రత్తలు తీసుకోకపోతే రూ. 250 కోట్ల దాకా జరిమానా. దాని నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అసలు బాధ్యతలు అమలవడానికి 18 నెలల గడువిచ్చారు. మంచిదే. కానీ నా భయమల్లా ఈ 18 నెలలూ స్క్రీన్‌షాట్ల ఫోల్డరు ఇంకొకటి తయారుచెయ్యడంలోనే గడిచిపోతాయేమో అని. ఆస్పత్రి రిపోర్టులు, బ్యాంకు లోన్లు, పిల్లల స్కూలు వివరాలు, అన్నీ ఇప్పుడు ఎవరో ఒకరి ఎస్3 బకెట్లోనే ఉన్నాయి. మా అమ్మకి ఎస్3 అంటే తెలీదు. ఆమె రిపోర్టు ఎంతమంది చదవగలరో అసలే తెలీదు. ఆమె తరఫున అడగాల్సింది మనమే.

ఇంకో అన్యాయం. డేటా పోయిన రోజున ఆ చుక్క గుర్తు పెట్టిన కుర్రాడి పేరు లాగుల్లో దొరుకుతుంది. "ముందు పని కానివ్వు, సెక్యూరిటీ తర్వాత చూద్దాం" అన్న పెద్దమనిషి పేరు ఏ లాగులోనూ ఉండదు. కాబట్టి బలయ్యేది ఎవరో మీకు తెలుసు. ఇది మన కింది స్థాయి ఇంజనీర్లందరి సమస్య, సెక్యూరిటీ టీముది మాత్రమే కాదు.

మరి ఏం చెయ్యాలంటావు అంటే, నేను అడిగేవి నాలుగే.

ఒకటి, ఏ పర్మిషన్ ఇచ్చినా ముగింపు తేదీ వేసి ఇవ్వాలి. తేదీ లేని పర్మిషన్‌ని సిస్టమ్ ఒప్పుకోకూడదు.

రెండు, 90 రోజులు వాడనిది అడక్కుండా తీసెయ్యాలి. ఏ సర్వీసుని చివరిసారి ఎప్పుడు వాడారో అమెజాన్ ఐఏఎమ్ చూపిస్తుంది, వాడనివి తీసెయ్యమని గూగుల్ తనే సలహా ఇస్తుంది. సమాచారం మన ముందే ఉంది, చూసేవాడే లేడు.

మూడు, యాక్సెస్ రివ్యూలో ప్రశ్న తిప్పండి. మేనేజరు "కాదు" అంటే పోవడం కాదు, వాడేవాడు "నాకింకా కావాలి, ఇందుకు" అని రాయకపోతే పోవాలి. అప్పుడు మౌసు కిందకి లాగడానికి ఏమీ ఉండదు.

నాలుగు, పెద్దవాళ్ళ మీటింగులో ఎన్ని సర్టిఫికెట్లు వచ్చాయో కాకుండా ఈ మూడు నెలల్లో ఎన్ని పర్మిషన్లు తగ్గాయో ఒక్క అంకె చూపించండి. పైవాళ్ళు ఏ అంకె అడిగితే కిందివాళ్ళు ఆ పనే చేస్తారు, ఇందులో రహస్యమేం లేదు.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త పరికరం కొనక్కర్లేదు, కన్సల్టెంటు గారు రానక్కర్లేదు. అందుకే ఎవరూ చెయ్యట్లేదేమో అని నాకో అనుమానం :)

మీరు ఈ రంగంలో ఉంటే రేపు ఆఫీసుకెళ్ళాక మీ పేరున ఏమేం పర్మిషన్లు ఉన్నాయో జాబితా తీయించండి. పోయిన ఏడాది వాడనివాటిని మీరే తీసెయ్యమనండి. ఒక్కరు తగ్గించుకుంటే ఏమవుతుంది అంటారా? మీ లాగిన్ దొంగ చేతిలో పడ్డ రోజున వాడికి దొరికేది కూడా అంతే తగ్గుతుంది. ఇక నేను రాసింది అన్యాయమని, మా కంపెనీలో యాక్సెస్ రివ్యూ నిజంగానే జరుగుతుందని ఎవరైనా అంటే సంతోషంగా వింటాను. కాకపోతే కిందటిసారి 400లో ఎన్ని "కాదు"లు వచ్చాయో కూడా చెప్పాలి.